హుడ్‌వింక్ జగన్నాధం

గజపతినగరంలో గానుగ జగన్నాధంగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. లోకమంతా కూడబలుక్కుని తనని హుడ్‌వింక్ చేస్తోందని ఆయన గట్టి నమ్మకం. బీపీ లేదు, షుగరు లేదు, అరవై ఎనిమిదేళ్ళొచ్చినా ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయి. ఉన్నదల్లా ఇదొక్కటే. దీనికి మందు లేదని ఇంట్లోవాళ్ళు ఏనాడో తేల్చేసుకున్నారు.

మోసం అనరాయన. దగా అనరు. చీటింగ్ అంటే మరీ చిన్నచూపు, అది బస్‌స్టాండులో వాడుకునే మాట అంటారు. పనసకాయ తెచ్చినవాడు కాయ మీద తట్టి "పండిపోనాది బాబూ" అంటే హుడ్‌వింక్. రాయగడ పాసింజరు చెప్పిన టైముకి రాకపోతే హుడ్‌వింక్. ఎప్పుడైనా చెప్పిన టైముకే వచ్చేస్తే అది ఇంకా పెద్ద హుడ్‌వింక్. ఒకసారి తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటుతుందని టీవీవాళ్ళు రెండు రోజులు మొత్తుకుంటే, నువ్వుల బస్తాలన్నీ మేడ మీదికి మోయించారు. తుఫాను ఒడిశా వైపు తిరిగిపోయింది. "సూసావా, ఆఖరికి తుఫాను కూడా హుడ్‌వింక్ సేసీసింది" అని బస్తాలన్నీ మళ్ళీ కిందికి దింపించారు.

పోనీ ఆ మాట అనేసి ఊరుకుంటారా అంటే అదీ లేదు. పోలీసులు పంచనామా రాసినట్టు వివరాలన్నీ కలిపి మరీ అరుస్తారు. ఇంటావిడ భాగ్యవతమ్మ కాఫీ తెస్తుంటే కొట్లోంచే కేక.

"ఎవరది! పెరటి గుమ్మంలోంచి, గానుగకి కుడిపక్కగా, సేతిలో వేడి కాఫీ గ్లాసుతో వస్తా నన్ను హుడ్‌వింక్ సెయ్యాలని సూస్తన్నాది!"

"నేనేనండి. కాఫీయేనండి. ముప్పై ఎనిమిదేళ్ళ నించి ఇస్తన్నదే."

"అందులో పంచదార తక్కువేసి ఎక్కువేసానని సెప్తావు. నాకు తెలీదేటి?"

"తాగి చూడండి."

తాగేవారు. పంచదార సరిగ్గానే ఉండేది. "ఇవాళ సరిపోనాది. రేపు సూసుకుందారి" అనేవారు.

ఆ ఇంటికి కోడలు కాకముందే సింధూరికి ఈ మాట తగిలింది. శృంగవరపుకోటలో, అదే ఎస్.కోటలో, పెళ్ళిచూపులు. పెళ్ళికొడుకు భరణి తల వంచుకుని సున్నుండ తింటున్నాడు. "అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషండి" అని సింధూరి తండ్రి అనగానే జగన్నాధంగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"హుడ్‌వింక్ అంటే ఏటమ్మా?"

రెండేళ్ళ ఎం.ఏ.లో ఆ మాట ఏదో పాత నవల్లో సింధూరికి ఒకే ఒక్కసారి ఎదురుపడింది. ఇంగ్లీషువాళ్ళే అటకెక్కించేసిన మాట. "మోసం చెయ్యడమండి" అంది.

"సగం మార్కులు" అన్నారాయన కొంచెమైనా జాలి లేకుండా. "మోసాలు సాలా రకాలు. జేబు కొడితే మోసం. తూకం రాయి మారిస్తే మోసం. హుడ్ అంటే ముసుగు. కళ్ళకి ముసుగేసీసి, ఎదురుగా ఉన్నది కూడా కనపడకుండా సేసీడం హుడ్‌వింకు. సరే, అర్థం అయిపోనాది. ఇప్పుడు వాడుక సెప్పు. సొంత వాక్యం."

సింధూరి ఒకసారి పళ్ళెం వైపు చూసింది. "ఈ సున్నుండలు నేనే చేశానని మా అమ్మ మిమ్మల్ని హుడ్‌వింక్ చేస్తోందండి. ఇవి స్వీటు షాపులోవి."

తల్లి చెంగు నోట్లో కుక్కుకుంది. తండ్రి గోడ మీది కేలండరు చదవడం మొదలెట్టాడు. జగన్నాధంగారు మాత్రం తొడ మీద చరుచుకుని, "భాగ్యం, సంబంధం ఖాయం సేసీ" అన్నారు. పెళ్ళికొడుకుని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పే స్థితిలో లేడు, సున్నుండ గొంతుకి అడ్డం పడింది.

బయల్దేరేలోపు ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కూడా ఆయనే చెప్పారు. తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు మేష్టారు హుడ్‌వింక్ అని బోర్డు మీద రాసి, అర్థం చెప్పి, వాడుక అడిగారట. క్లాసంతా నేలచూపులు. ఏ పరీక్షలోనూ ముప్పై దాటని జగన్నాధం చివరి బెంచీలోంచి లేచాడు. "మా గానుగెద్దుకి గంతలు కడతాం సార్. పొద్దున్నించి నడిసి నడిసి అది ఎస్.కోట దాటీసాననుకుంటాది. గంతలు ఇప్పితే మా సావిట్లోనే ఉంటాది." మేష్టారు ఆ మాటనే ఇంగ్లీషులో బోర్డు మీద రాసి, క్లాసు చేత చప్పట్లు కొట్టించారు.

"పదేళ్ళ సదువులో నాకు పడిన సప్పట్లు అవొక్కటేనమ్మా" అన్నారు జగన్నాధంగారు. "అందుకని ఆ మాటని వదల్లేదు."

సింధూరికి ఆయనంటే అక్కడే ఇష్టం పుట్టింది. భరణి అంటే ఇష్టం పుట్టడానికి ఇంకో వారం పట్టింది.

ఆ ఇల్లు ఎలా ఉంటుందంటే, వీధి వైపు నూనెకొట్టు, పెరటి వైపు కాపురం ఉండే గదులు, మధ్యలో గానుగ సావిడి. ఎటు వెళ్ళాలన్నా సావిడి దాటాల్సిందే. సావిట్లో చెక్క గానుగ, దాన్ని తిప్పే ఎద్దు చినబాబు, చినబాబుని తిప్పే గంగులు. భరణి తర్వాత ఆ ఇంటికొచ్చిన మగపిల్లాడు కాబట్టి ఎద్దుకి ఆ పేరు పెట్టారు. గంగులుది జగన్నాధంగారి ఈడే. చిన్నప్పుడు తండ్రి వెనకాల గానుగలోకి వచ్చినవాడు మరి బయటికి పోలేదు. రోట్లో నువ్వులు నలుగుతుంటే ఎద్దు లాగే దూలం చేసే చప్పుడు విని, నూనె ఇంకెంతసేపట్లో దిగుతుందో చెప్పేస్తాడు. భార్య పోయాక సావిడి వెనక గదిలోనే ఉంటున్నాడు. కళింగపట్నంలో ఉన్న కూతురు కుమారి ఫోన్ చేసినప్పుడల్లా వచ్చెయ్యమంటుంది. "ఆ సముద్రం హోరులో నాకు నిద్దర పట్టదే. గానుగ కిర్రుమంటేనే పడతాది" అని ఫోన్ పెట్టేస్తాడు.

కాపురానికొచ్చిన కొత్తలో సింధూరికి సావిట్లో వింతగా తోచినవి రెండు. ఒకటి, నేల మీద తెల్ల పెయింటుతో గీసిన గుండ్రాలు. బిందెకొకటి, డబ్బాకొకటి, నువ్వుల తట్టకొకటి, ఆఖరికి చీపురుకి కూడా ఒకటి. ఏ వస్తువైనా తన గుండ్రంలోంచి జానెడు జరిగిందంటే కొట్లోంచి హుడ్‌వింక్ అని కేక పడేది.

రెండోది కంటి చుక్కలు. రోజూ పొద్దున్న ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ జగన్నాధంగారు, గంగులు సావిట్లో బల్ల మీద పక్కపక్కన కూర్చునేవారు. జగన్నాధంగారు ముందు తల వెనక్కి వాల్చి, కళ్ళ మీద సీసా వంచి నొక్కుకుని, "అబ్బ! మండతన్నాదిరా" అనేవారు. తర్వాత అదే సీసాతో గంగులుకి వేసేవారు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ సింధూరి చూసింది. మావగారు చుక్కలు వేసుకుంటున్న సీసాకి మూత ఉంది.

మర్నాడూ చూసింది. మూత అలాగే ఉంది. "అబ్బ! మండతన్నాదిరా" కూడా అలాగే ఉంది.

"ఏమండీ, మావయ్య మూత తియ్యకుండానే చుక్కలు వేసుకుంటున్నారు" అంది భరణితో.

"సీసా మీద కూడా అనుమానం వచ్చుంటుంది" అన్నాడు భరణి, సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

అత్తగారిని అడిగితే నిట్టూర్చింది. "నా పెళ్ళైన కొత్తలో ఆ హుడ్‌వింకు నెలకోపాలి అనేవారమ్మా. ఈ మూడేళ్ళయింది, పూటకి పదిసార్లు. వయసు ముదిరిపోతన్నాది. నువ్వేటీ పట్టించుకోకు."

సింధూరి పట్టించుకోకుండా ఉండే రకం కాదు. ఒక ఉదయం మావగారు హడావుడిగా పోస్టాఫీసుకి వెళ్ళినప్పుడు, సావిడి కడిగి, నూనె పట్టే ఇత్తడి బిందెని గుండ్రంలోంచి తీసి గుమ్మం పక్కన పెట్టింది. అక్కడైతే వెలుతురు బాగుంటుంది, అడ్డం కూడా ఉండదు. కాసేపటికి గంగులు గానుగ దగ్గర పట్టిన నూనె చెంబుతో వచ్చాడు. లెక్కగా ఏడడుగులు వేశాడు, వంగాడు, చెంబెడు నూనె ఖాళీ గుండ్రంలోకి ఎంతో శ్రద్ధగా వంపేశాడు.

నూనె పాదాలకి తగిలాక గానీ అతనికి తెలియలేదు. అలాగే వంగి, రెండు చేతులతో గాల్లో బిందె కోసం వెతుక్కున్నాడు.

అప్పుడే జగన్నాధంగారు వచ్చారు. నూనె మడుగు చూశారు, గంగులుని చూశారు, గుమ్మం పక్కన బిందెని చూశారు.

"ఎవరది! నూనె బిందెని గుండ్రంలోంచి తీసి, గుమ్మానికి ఎడంపక్కన గోడకి ఆనించి పెట్టీసి నన్ను హుడ్‌వింక్ సేసింది!"

"నేనే మావయ్యా, వెలుతురుంటుందని..."

"వెలుతురా! బిందెకి వెలుతురెందుకు, అదేటి పేపరు సదువుతాదా?"

ఒలకబోసిన గంగులుని పల్లెత్తు మాట అనలేదు. కోడలిని మాత్రం మధ్యాహ్నం భోజనాల దాకా సాధించారు. ఇదెక్కడి న్యాయమని సింధూరికి ఒళ్ళు మండింది. కానీ అసలు దిగులు వేరే ఉంది. సాయంత్రం గంగులు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి, "నీకు కళ్ళు కనపడ్డం లేదు కదూ?" అంది నెమ్మదిగా.

గంగులు చినబాబు వీపు నిమిరాడు. "మూడేళ్ళయిందమ్మా. నీడల్లాగ అవుపిస్తాది, అంతే. పని మట్టుకు ఆగలేదు. నడక లెక్కే, సప్పుడు లెక్కే. బాబుకి సెప్పకండమ్మా. తెలిసిందా, ఇంక నానిక్కడ ఉండను. గుడ్డోణ్ణి కూకోబెట్టి పోసిస్తన్నారని పదిమంది అనుకుంటే నానుండలేను. కళింగపట్నం ఎల్లిపోవాలి."

"మావయ్య కనిపెట్టలేదా?"

గంగులు పొట్ట పట్టుకుని నవ్వాడు. "లోకంలో ఆయన్ని హుడ్‌వింక్ సేసినోణ్ణి నానొక్కడినే తల్లీ."

ఆ రోజు నించి సింధూరి కూడా ఆ కుట్రలో చేరిపోయింది. గంగులు దారిలో ఎవరైనా నిలబడితే దగ్గేది. రోజూ ఇంత దగ్గుతోందని అత్తగారు మిరియాల కషాయం తాగించడం మొదలెట్టింది. కుట్ర అన్నాక కషాయం తప్పదని సింధూరి కళ్ళు మూసుకుని మింగేసేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, భరణికి కూడా. మావగారికి తెలిస్తే గంగులు వెళ్ళిపోతాడు, గంగులు వెళ్ళిపోతే ఆ గానుగ గానుగలా ఉండదు. అంతవరకు ఆమెకి అర్థమైంది.

అర్థం కానిది ఒక్కటే. ఆవగింజంత తేడా వచ్చినా పట్టేసే మనిషి, గంగులు సంగతికి వచ్చేసరికి ఇంత సులువుగా ఎలా బుట్టలో పడుతున్నారు? ఒకరోజు గంగులు చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చాడు. సింధూరి దగ్గబోయేలోపు జగన్నాధంగారు చూడనే చూశారు. "ఒరే గంగులూ, ఆ దర్జీ మనల్ని హుడ్‌వింక్ సేసీసాడ్రా! కుట్లన్నీ బయటికి పెట్టి కుట్టీసాడు. లోపలికెళ్ళి తిరగేసి తొడుక్కో" అన్నారు. ఎక్కడో ఉన్న ఆ దర్జీకి సింధూరి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. మావగారు వట్టి అమాయకులని కూడా అనుకుంది.

ఇలా ఉండగా విజయనగరం నించి పృథ్వీరాజ్ వచ్చాడు. సింధూరితో కాలేజీలో చదివాడు. తిండి వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో పెడుతుంటాడు. ఎద్దు గానుగ తీస్తానంటే సరేనని పిలిచింది ఆమే. వచ్చినవాడు కెమెరా మూడు కాళ్ళ మీద నిలబెట్టి, అటు చూసి, ఇటు చూసి, ఎవరినీ అడక్కుండానే కొట్లోంచి ఇనప బల్ల ఈడ్చుకొచ్చి, నూనె సీసాలు పేర్చడానికని సావిట్లో వేసేశాడు. గానుగకీ నూనె బిందెకీ సరిగ్గా మధ్యలో.

సింధూరి అప్పుడు కెమెరా ముందు నిలబడి నువ్వుల గురించి చెబుతోంది. వెనక దూలం చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే గంగులు నిండు చెంబు రెండు చేతుల్తో పట్టుకుని బయల్దేరాడు. ఒకటి, రెండు. బల్ల నాలుగో అడుగులో ఉంది. ఆమె దగ్గింది. "అమ్మాయ్, దగ్గితే సౌండ్ పోతుంది" అన్నాడు పృథ్వీరాజ్. మూడు. ఆగమని అరిస్తే కెమెరా ముందు, కొట్లో కూర్చున్న మావగారి ముందు అంతా బయటపడిపోతుంది. అరవకపోతే ఆ ముసలాయన ఇనప బల్ల మీద పడతాడు.

"ఎవడ్రా అది!"

ఆ కేకకి చినబాబు కూడా ఉలిక్కిపడింది. జగన్నాధంగారు కొట్టు బల్ల మీదికి ఎక్కేసి ఉన్నారు, పంచె సగం ఊడి.

"గానుగకీ బిందెకీ మధ్యన, మోకాలెత్తు ఇనప బల్ల అడ్డంగా ఏసీసి, దాని మీద గాజు సీసాలు పేర్సి, ఎడంపక్కన మాత్రం రెండడుగుల సందు వదిలి నన్ను హుడ్‌వింక్ సెయ్యాలని సూస్తన్నవాడు! ఎడంపక్క సందు నాకు కనపడదనుకున్నావేట్రా!"

గంగులు ఆగాడు. ఎడమకి రెండడుగులు వేశాడు. బల్లకి వేలెడు దూరంలోంచి తిన్నగా నడిచి వెళ్ళి, చుక్క ఒలక్కుండా నూనె బిందెలో పోశాడు. "అవును బాబూ, నానూ అదే అనుకుంటన్నాను. అడ్డంగా ఏసీసినారు" అన్నాడు తాపీగా.

"సూపర్!" అన్నాడు పృథ్వీరాజ్. "బాబాయ్‌గారూ, ఇంకోసారి అలాగే ఎక్కి అరుస్తారా?"

ఆయన ఇంకోసారి ఎక్కలేదు గానీ, సింధూరి మాత్రం నిలబడ్డ చోటే నిలబడిపోయింది. ఎవరిని తిట్టినా వస్తువు ఏ పక్కనుందో, ఎంత ఎత్తుందో, ఎవరి చేతిలో ఏముందో చెప్పకుండా ఆయన ఎప్పుడైనా తిట్టారా? వేడి కాఫీ గ్లాసు, గుమ్మానికి ఎడంపక్క బిందె, కుట్లు బయటికున్న చొక్కా, నేల మీద గుండ్రాలు, మూత తియ్యని సీసా. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక, పృథ్వీరాజ్‌కి మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళిపోయింది.

పృథ్వీరాజ్ వెళ్ళిపోయాక కొట్లోకి వచ్చింది. గంగులు పెరట్లో చినబాబుని కడుగుతున్నాడు.

"మావయ్యా, చుక్కలు వేసుకునేటప్పుడు సీసా మూత ఎందుకు తియ్యరు?"

జగన్నాధంగారు ముందు వీధి వైపు చూశారు, తర్వాత పెరటి వైపు చూశారు. గొంతు తగ్గించి, "మూత తీస్తే సుక్క నా కంట్లో పడిపోదేటి? అది వాడి మందు. నెలకి ఒక్క సీసా, లెక్కగా సరిపోతాది" అన్నారు.

"మీకు తెలుసన్నమాట."

"మూడేళ్ళ కిందట, పట్టపగలు, చినబాబుకి గంతలు కట్టబోయి మూతి మీద కట్టీసాడు. అది ఊరుకుంది, నేనూ ఊరుకున్నాను. నా కళ్ళు మసకేస్తన్నాయి, తోడు రారా అని విశాఖపట్నం తీసుకెళ్ళాను. ఒకరికి సూపిస్తే రెండోవాళ్ళకి ఊరికే సూస్తారంట అని సెప్పి వాణ్ణీ కుర్చీలో కూకోబెట్టాను. డాక్టరు ఇంగ్లీషులో ఏటేటో సెప్పాడు. నాకొచ్చింది ఒక్క ముక్కే కదా, అది అందులో లేదు. ఆఖరికి నర్సమ్మ తెలుగులో సెప్పింది. నీటికాసులంట. పోయింది మరి రాదంట, ఉన్నది నిలబడాలంటే రోజూ సుక్కలెయ్యాలంట."

"గంగులు ఎలా ఒప్పుకున్నాడు?"

"నా సుక్కలు మిగిలిపోతన్నాయిరా, సీసా ఓపాలి తెరిస్తే నెలలో పారెయ్యాలంట, వృథా పోతాది, నువ్వు కూడా ఎయ్యించుకో అన్నాను. నూనె యాపారస్తుడి నోటంట వృథా అన్న మాట వస్తే ఎవడు నమ్మడు?"

"మరి అరుపులన్నీ..."

"వాడు నడిసినప్పుడే అరిస్తే వాడికి అనుమానం రాదా? అందుకని అందరి మీదా, అన్నిటికీ అరుస్తన్నాను. మీ అత్తయ్య కాఫీ మీద కూడా." కాసేపు గల్లా పెట్టె మీద వేలితో గీతలు గీశారు. "వాడు నాకు తెలీదనుకున్నంత కాలం మగధీరుళ్ళా నడుస్తాడమ్మా. తెలుసని తెలిసిందా, ఆ రోజే మూట కట్టీసి కూతురింటికి పోతాడు. వాడి పౌరుషం నీకు తెలీదు. వాడు లేని సావిట్లో నేనేం సెయ్యను, ఎవరితో మాటాడను?"



"ఎద్దుకి గంతలు దేనికి కడతారో తెలుసా?" అన్నారాయన.

"ఉన్నచోటే తిరుగుతున్నానని తెలీకుండా."

"సగం మార్కులు. కళ్ళు తెరుసుకుని అంతసేపు గుండ్రంగా తిరిగితే దానికి తల తిరిగి పడిపోతాది. పడిపోకుండా కడతాం. మేష్టారికి ఆ రోజు ఈ సగం సెప్పడం మరిసిపోయాను." పంచె సరిచేసుకుని మళ్ళీ మామూలు మనిషైపోయారు. "సరేగానీ ఆ పృథ్వీరాజ్ వీడియోలో నా పంచె ఊడడం పెట్టనన్నాడు. తప్పకుండా పెడతాడు. నన్ను హుడ్‌వింక్ సేస్తాడు సూడు."

పెట్టాడు. ఊళ్ళో సగంమంది చూశారు. నూనె అక్కర్లేనివాళ్ళు కూడా ఆయన నోటంట ఆ మాట వినాలని కొట్టుకి రావడం మొదలెట్టారు. కానీ వినే యోగం వాళ్ళకి లేదు. బల్లెక్కి పెట్టిన ఆ కేకతో జగన్నాధంగారి గొంతు పూర్తిగా పట్టేసింది. నోరు తెరిస్తే గాలి వచ్చేది, అంతే. భాగ్యవతమ్మ మిరియాల కషాయం కోడలి నించి ఆయనకి మారింది. పెళ్ళైన ముప్పై ఎనిమిదేళ్ళలో ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ కాఫీ ఇవ్వలేదని, ఏదో వెలితిగా ఉందని ఆవిడ దిగులు పడింది.

మూడో రోజు పొద్దున్న కొట్లో జనం. తెలకపిండి కోసం వచ్చిన ఒకాయన తన సైకిలు తోసుకుంటూ తిన్నగా సావిట్లోకి తెచ్చి నిలబెట్టాడు. లోపల దూలం ఆగింది. గంగులు చెంబు ఎత్తుకున్నాడు. జగన్నాధంగారు చూసి నోరు తెరిచారు. గాలే వచ్చింది. మళ్ళీ తెరిచారు. కంగారుగా కోడలి వైపు చూశారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి కళ్ళలో అంత బెదురు సింధూరి ఎప్పుడూ చూడలేదు.

ఎం.ఏ. ఇంగ్లీషు సింధూరి కొంగు నడుముకి దోపింది.

"ఎవరది! తట్టకీ బిందెకీ మధ్యన, కేరేజీకి గోనెసంచి కట్టిన సైకిలు అడ్డంగా నిలబెట్టి, కుడిపక్కన మాత్రం సందు వదిలేసి మమ్మల్ని హుడ్‌వింక్ చెయ్యాలని చూస్తున్నది!"

కొట్లో జనం ఆనందంతో ఊగిపోయారు. సైకిలాయన హడలిపోయి గంట మోగించాడు. గంగులు కుడిపక్కగా వచ్చి, నూనె వంపి, "కోడలమ్మకి కూడా అంటుకుందేటి!" అన్నాడు. జగన్నాధంగారు గల్లా పెట్టె వెనక రెండు చేతులూ ఎత్తి చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టారు.

జనం పల్చబడ్డాక గంగులుకి మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళింది. అతను తాగి, గ్లాసు గుండ్రంలో పెట్టి, ముసిముసిగా నవ్వాడు.

"బాబు మీకు సెప్పీసినారా అమ్మా?"

"ఏమిటి?"

"అదే. నా సంగతి తనకి తెలుసని."

సింధూరి కొట్టు వైపు ఒకసారి చూసుకుంది. "నీకు... తెలుసా?"

"సుక్కలు ఆయన ముందు ఏసుకుంటాడమ్మా. సీసా మూత తీసిన సప్పుడు ఆ తరవాత వస్తాది. నాకు కళ్ళు పోనాయి గానీ సెవులు పోలేదు కదా."

"మరి ఆయనకి తెలీదని, నువ్వే హుడ్‌వింక్ చేశానని ఆ రోజు నాకు చెప్పావు!"

"కొత్త కోడలివి. నోరెంత గట్టిదో తెలీదు కదా తల్లీ." తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఆయనకి తెలిసిపోనాదని ఎల్లిపోదామనే అనుకున్నాను. ఓ రోజు మూట కూడా కట్టీసినాను. ఇంతలో కొట్లోంచి కేకేసినాడు, గుమ్మంలో మూట ఉందని, అది నా కాలికి ఎడంపక్కనుందని. ఏటి సేత్తాను? ఇంత పెద్దమడిసి నా కోసం ఊరందరి సేతా పిచ్చోడనిపించుకుంటన్నాడు. నానెల్లిపోతే ఆ అరుపులన్నీ దండగైపోవా? మూట ఇప్పేసినాను. ఆయనకి మట్టుకు సెప్పకు. నన్ను హుడ్‌వింక్ సేసీసినానని మురిసిపోతన్నాడు, పోనీ."

ఆ సాయంత్రం ఏడింటికి ఇద్దరూ ఎప్పట్లాగే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. గుమ్మంలో నిలబడి సింధూరి బట్టలు మడతపెడుతోంది. జగన్నాధంగారు తల వెనక్కి వాల్చి, మూత ఉన్న సీసాని ఒక కంటి మీద నొక్కుకున్నారు, రెండో కంటి మీద నొక్కుకున్నారు. గొంతు పోయినా సరే, ఉన్న గాలంతా కూడగట్టుకుని, "అబ్బ... మండతన్నాదిరా" అన్నారు.

"మండాలి బాబూ" అన్నాడు గంగులు, తనూ తల వెనక్కి వాల్చి ఓపిగ్గా ఎదురుచూస్తూ. "మండితేనే మందు పనిసేసినట్టు."

టిక్కుమని మూత తీసిన చప్పుడైంది. సింధూరి మడతపెట్టిన దుప్పటిలో మొహం దాచుకుని నవ్వింది.